నిండుకున్నాయి

నాంచారి చెయ్యి చాపింది కానీ మొహం మాత్రం అటు తిప్పేసుకుంది. సూదంటే భయపడి కాదు. రొయ్యల షెడ్డులో పన్నెండేళ్ళుగా ముల్లు దిగని రోజు లేని వేళ్ళు అవి. ఆమెకి కోపం వచ్చింది. ఒక గంట కిందట పెద్దడాక్టరు శేషాచలంగారు నలుగురి ముందూ "నువ్వు ఉత్త మొండిదానివమ్మా. మందులు వేసుకోవు, వేసుకున్నానని అబద్ధాలాడతావు. నీ మొగుడికి పనిచేసిన బిళ్ళ నీకెందుకు పనిచెయ్యదు?" అన్నారు. ఆ మాట అన్న పెద్దమనిషి తన గదిలో ఫ్యాను కింద చల్లగా ఉన్నారు. పడ్డ మనిషి ఏడో నెల పొట్టతో ముప్ఫై రెండు మెట్లెక్కి మేడ మీద ల్యాబుకొచ్చింది.

"మూడు చుక్కలు చాలు నాంచారీ," అంది హైమవతి.

"మూడు కాకపోతే మూడు గ్లాసులు తీసుకోండి మేడంగారూ. నేను ఏసుకోలేదని మాత్రం రాయకండి. ఇచ్చినవి ఇచ్చినట్టే మింగాను. నా బిడ్డ మీద ఒట్టు."

హైమవతి ఇరవయ్యేళ్ళుగా ఆ ల్యాబులో ఉంది. ఒట్లు చాలా విన్నది. కొన్ని నమ్మింది, కొన్ని నమ్మినట్టు నటించింది. ఇప్పుడు ఆ రెండూ అక్కర్లేదు. టేబుల్ మీద పంచాంగం ఉంది.

పంచాంగం అంటే నిజం పంచాంగం కాదు. రాజధానిలో పాతబడ్డాయని అవతల పారేసిన మూడు పరికరాల్ని పోగేసి, పదకొండేళ్ళు తంటాలు పడి హైమవతి తయారుచేసుకున్న పెట్టె. కాగితాల్లో దానికి రెండు వరసల ఇంగ్లీషు పేరుంది. ఆ పేరు పలకడం చేతకాక నాగులమేట ఆసుపత్రిలో అందరూ పంచాంగం అనేవారు. అనడానికి కారణం ఉంది. రక్తంలో తిరుగుతున్న హెచ్ఐవి ఏ మందుకి లొంగుతుందో, ఏ మందుకి లొంగదో చెప్పే పరీక్షలు పెద్ద ఊళ్ళలో ఉన్నాయి. ఈ పెట్టె అంతటితో ఊరుకోదు. కణాల్లో ఏళ్ళ తరబడి నిద్రపోతున్న పాత వైరస్‌ని కూడా తట్టి లేపి చదువుతుంది. ఏ మందు దానికి ఏ రోజు తగిలిందో, ఏ రోజు తగల్లేదో తేదీలతో సహా చెబుతుంది.

నలభై నిమిషాలకి కాగితం పట్టీ బయటికొచ్చింది. పై సగంలో రంగు గళ్ళు. నాంచారి రోజూ మింగే బిళ్ళలో మూడు మందులుంటాయి. మూడింటికీ ఎర్ర గళ్ళే. అంటే ఆమె ఒంట్లో ఉన్న వైరస్ ఆ మూడింటినీ లెక్కచెయ్యడం మానేసింది. మొదటివి పనిచెయ్యనప్పుడు ఇచ్చే రెండో వరస మందుల వైపు చూసింది హైమవతి. శేషాచలంగారు వాటికి మారుద్దామనుకుంటున్నారు. అక్కడా మూడింట్లో రెండు ఎరుపే. ఆ పట్టీ చూడకుండా మార్చి ఉంటే నాంచారి ఇంకో నాలుగు నెలలు పనిచెయ్యని బిళ్ళలు నమ్మకంగా మింగేది. ఈలోపు కాన్పయిపోయేది.

ఆకుపచ్చ గడి ఒకటే ఉంది. ఆఖరి వరస మందు.

"దొరికింది," అంది హైమవతి. గొంతులో సంతోషం దాచుకోలేకపోయింది. "నీకు పనిచేసేది ఇదీ. ఇప్పుడు మొదలెడితే కాన్పు నాటికి నీ ఒంట్లో వైరస్ అణిగిపోతుంది. బిడ్డకి రాకుండా చూసుకోవచ్చు."

"అయితే ఇయ్యండి మరి."

ఇవ్వడానికి అది హైమవతి చేతిలో ఉంటే కదా. ఆ మందు రాజధానిలో, మందులు మంజూరు చేసే కమిటీవారి దగ్గర ఉంటుంది. అడిగినవాళ్ళందరికీ ఇవ్వరు. మందులిచ్చే సెంటరు రిజిస్టరు తెప్పించుకుని చూస్తారు. నెలనెలా ముప్ఫై బిళ్ళలూ ఇచ్చినట్టు రాసి ఉండి, అయినా వైరస్ పెరిగిందంటే, రోగి ఎగ్గొట్టిందని తేల్చేస్తారు. పేరు పక్కన మొండి అని పడుతుంది. అక్కణ్ణుంచి మూడు నెలలపాటు రోజూ నర్సు ఎదురుగా నిలబడి పాత బిళ్ళే మింగాలి. బుద్ధిగా మింగుతుందని రుజువయ్యాకనే కొత్త మందు. నాంచారి రిజిస్టరులో అన్ని నెలలూ ముప్ఫై అనే ఉంది. కాన్పుకి తొమ్మిది వారాలుంది.

హైమవతి పట్టీ కింది సగం విప్పింది. అది తేదీల భాగం. ఎనిమిదేళ్ళ చరిత్ర, రోజుకొక గీత. మందు తగిలిన రోజు నల్ల గీత, తగలని రోజు ఖాళీ. మొదటి అయిదేళ్ళూ నల్లగా, దట్టంగా ఉన్నాయి. ఒక్క రోజు కూడా తప్పలేదు. మూడేళ్ళ కిందట ఆషాఢం దగ్గర మాత్రం గీతలు పలచబడ్డాయి. కళ్ళజోడు సర్దుకుని దగ్గరగా చూసింది. ఒక గీత, ఒక ఖాళీ. ఒక గీత, ఒక ఖాళీ. డెబ్భై రోజులు అలాగే, దువ్వెన పళ్ళలాగా.

మర్చిపోయే మనిషి ఇంత పద్ధతిగా మర్చిపోదు.

"నాంచారీ, మూడేళ్ళ కిందట రోజు విడిచి రోజు వేసుకున్నావా?"

"అలాగే ఏసుకోమన్నారు కదండీ."

"ఎవరన్నారు?"

నాంచారి పైట సర్దుకుంది. కిటికీ వైపు చూసింది. "నాకు గుర్తులేదండీ," అంది. ఎనిమిదేళ్ళలో ఒక్క బిళ్ళ మర్చిపోని మనిషికి ఆ ఒక్క సంగతి గుర్తులేదట.

ఆమె వెళ్ళిపోయాక హైమవతి అన్నం తినడం మర్చిపోయింది. మొండి అని ముద్రపడ్డవాళ్ళు నాంచారి కాక ఇంకో పన్నెండు మంది ఉన్నారు. వాళ్ళ రక్తం చలిపెట్టెలో దాచి ఉంది. ఒక్కొక్కటీ తీసి పంచాంగంలో పెట్టింది. మూడు రోజులు పట్టింది. పన్నెండు పట్టీల మీదా అవే డెబ్భై రోజులు, అవే దువ్వెన పళ్ళు. వాళ్ళలో కోటేశని, ఐసు బండి తోలేవాడు, పోయిన మార్గశిరంలో చచ్చిపోయాడు. పోయేదాకా అతన్ని అందరూ తిట్టారు. హైమవతి కూడా ఒకసారి తిట్టింది. అతని పట్టీని మిగతావాటన్నిటి పైన పెట్టింది.

పదమూడు మందికీ రోజు విడిచి రోజు అని చెప్పగలిగిన మనిషి ఆ సెంటర్లో ఒక్కడే. మందుల కిటికీ దగ్గర పదిహేనేళ్ళుగా కూర్చునే ఫార్మసిస్టు పాండురంగం. ఆయన హైమవతి మొగుడు.

ఆదివారం పొద్దున పాండురంగం పెరట్లో గోంగూర కోస్తున్నాడు. పక్కింటావిడకి ఒక కట్ట, పాలు పోసే మనిషికి ఒక కట్ట, కరెంటు మీటరు చూడ్డానికొచ్చినతనికి కూడా ఒక కట్ట. ఆ ఇంటికొచ్చిన మనిషి ఉత్తి చేతుల్తో వెనక్కి వెళ్ళడం హైమవతి చూడలేదు. పెళ్ళయిన కొత్తలో దాన్ని చూసే మురిసిపోయింది. ఆ రోజు అదే చూసి ఒళ్ళు మండింది.

పట్టీలు తెచ్చి అరుగు మీద పరిచింది. ఆయన చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. తేదీలు చూశాడు.

"సగం సగం ఇచ్చారా?" అంది హైమవతి.

"ఉన్నవి సర్దాను."

"ఎందుకు సర్దారు?"

"సరుకు రాలేదు హైమా. డెబ్భై రోజులు రాలేదు. నాకున్న బిళ్ళలు సగం మందికే సరిపోతాయి. ఎవరికిచ్చేది, ఎవర్ని పొమ్మనేది? వీళ్ళకి మన దగ్గర తప్ప వేరే దిక్కులేదనుకున్నాను. అందరికీ సగం ఇచ్చి, రోజు విడిచి రోజు వేసుకోండని చెప్పాను. నేనేమన్నా తిన్నానా? అమ్ముకున్నానా?"

"అమ్ముకున్నా బావుండేది! మందు అసలు లేకపోతే వైరస్ పెరుగుతుంది, అంతే. మళ్ళీ మందిస్తే మళ్ళీ లొంగుతుంది. సగం మందు దాన్ని చంపదండీ, దానికి చదువు చెబుతుంది. ఫార్మసిస్టు మీరు. ఇది మీకు తెలీదా?"

"తెలుసు," అన్నాడు పాండురంగం. "అప్పుడూ తెలుసు. కిటికీ అవతల మనిషి నిలబడి చెయ్యి చాపితే మాత్రం తెలిసింది పనికిరాలేదు."

హైమవతికి ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. రెండింట్లో కోపమే ముందు బయటపడింది. "మరి సరుకెందుకు రాలేదు? ఆ ఏడు మిగతా జిల్లాలన్నిటికీ వచ్చింది కదా. నాంచారి మొగుడు ఏడుకొండలు కాకినాడ బోటు మీద ఉన్నాడు అప్పుడు. అక్కడ రోజుకొకటి ఇచ్చారు. వాడికి వైరస్ అణిగే ఉంది. మన దగ్గరే ఎందుకు రాలేదు? మీరు పైకి రాయలేదా?"

"రాశాను. మూడుసార్లు రాశాను."

ఆయన లోపలికి వెళ్ళి ఫోను తెచ్చాడు. మూడేళ్ళ నాటి సందేశాలు చెరపకుండా దాచుకున్నాడు. అప్పుడే రాజధానిలో సరఫరా చూసే కొత్త కంప్యూటరు పెట్టారు. తెలుగులో రాస్తే చదువుకుని, మనిషి చెయ్యి పడకుండా డ్రోన్లలో సరుకు పంపేస్తుందని ఊరూరా చాటారు. నిల్వ సంగతి రాయడానికి గడిలో రెండు మాటలకి మించి చోటివ్వలేదు. పాండురంగం రెండు మాటలే రాశాడు.

మందులు నిండుకున్నాయి.

కింద కంప్యూటరు ఇచ్చిన జవాబు ఉంది. ‘నిల్వ నిండుగా ఉంచుకున్నందుకు అభినందనలు. మీ వంతు సరుకు పక్క జిల్లాకు మళ్ళించబడినది.’

హైమవతి అది రెండుసార్లు చదివింది. నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోవాలనుకుంది, ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఎప్పుడు ఏడవడం మొదలెట్టిందో ఆమెకే తెలియలేదు.

"ఎవడో వెటకారం చేస్తున్నాడనుకున్నాను," అన్నాడు పాండురంగం. "మళ్ళీ రాశాను. మళ్ళీ అభినందించింది. ఫోను చేస్తే, కంప్యూటర్లో నిండుగానే ఉంది కదండీ, ఇంకా ఎందుకు ఆశ అన్నారు. ఆఖరికి ఒక ముసలి గుమాస్తా ఎత్తాడు. నేను చెప్పీ చెప్పకముందే నెత్తి కొట్టుకున్నాడు. అతనికి అర్థమైంది. వారంలో సరుకొచ్చింది. అప్పటికి డెబ్భై రోజులు."

"లేవు అని రాస్తే పోయేది కదండీ! రెండక్షరాలు!"

"మా అమ్మ ఇంట్లో బియ్యం డబ్బా బోర్లించినా ఆ మాట అననిచ్చేది కాదు." ఆయన గొంతు తగ్గిపోయింది. "బియ్యానికే అనం కదా. మందులకి ఎలా అంటాను హైమా? ప్రాణాలు కదా."

ఇంత మంచిమనిషి ఇంత పెద్ద తప్పు చేశాడు. చేసి మూడేళ్ళు దాచాడు. సరుకొచ్చాక రిజిస్టరులో అన్ని నెలలూ ముప్ఫై అని రాయమన్నది శేషాచలంగారట. ఖాళీలుంటే సెంటరుకి చెడ్డపేరని. పాండురంగం రాశాడు. ఆ రాత పుణ్యమాని, సగం మందుకి వైరస్ ముదిరిన పదమూడు మందీ మొండివాళ్ళయ్యారు. వాళ్ళని తిట్టినప్పుడల్లా ఆయన కిటికీ వెనక తల వంచుకుని బిళ్ళలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. హైమవతికి అన్నిటికన్నా మింగుడుపడనిది అదే.

"ఈ పట్టీ మొత్తం పంపుతాను," అంది.

ఆయన మిగిలిన ఒక్క గోంగూర కట్టనీ చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

సోమవారం శేషాచలంగారు పట్టీ సంగతి విని ల్యాబుకి తనే వచ్చారు. ఎప్పుడూ మెట్లెక్కని మనిషి ఆయాసపడుతూ వచ్చి, పట్టీ చూసి, టేబుల్ మీది కత్తెర అందుకున్నారు.

"పై సగం పంపు హైమవతీ. ఏ మందు పనిచేస్తుందో అందులో ఉంది కదా. కింది సగం ఎవడడిగాడు?"

"పై సగం ఒక్కటే వెళ్తే వాళ్ళు రిజిస్టరు చూస్తారు సార్. మొండి అంటారు. మూడు నెలలు ఆగమంటారు."

"మరి ఆగుతుంది. ఎంతమంది ఆగలేదు?"

"ఆవిడ ఆగుతుంది సార్. కడుపులో బిడ్డ ఆగదు. ఆ కత్తెర ఇలా ఇవ్వండి."

శేషాచలంగారు కత్తెర ఇవ్వలేదు కానీ కుర్చీలో కూర్చున్నారు. గొంతు మార్చారు. "మీ ఆయనకి పద్నాలుగు నెలల్లో రిటైర్మెంటు. పెన్షను పోతుంది. కేసు పెడితే ఏమవుతుందో నేను చెప్పలేను. ఆలోచించుకున్నావా?"

"ఒకే ఇంట్లో ఉంటాం సార్. ఆలోచించకుండా ఎలా ఉంటాను?" అంది హైమవతి. "నాతో పాటు మీరూ ఆలోచించుకోండి. రిజిస్టరులో ముప్ఫై అని రాయమన్నది మీరేనని కూడా రాసి పంపుతున్నాను."

ఆయన లేచి వెళ్ళిపోయారు. కత్తెర కూడా పట్టుకుపోయారు. ఆ మధ్యాహ్నం హైమవతి ఇంకో కత్తెర తెప్పించమని చీటీ రాస్తే, కొనుగోళ్ళు ఆపేశామని జవాబొచ్చింది.

ఇంత తెగించాక అసలు అడ్డంకి ఎదురైంది. రోగి వేలిముద్ర లేకుండా తేదీల భాగం పైవాళ్ళకి పంపకూడదని చట్టం. అది మంచి చట్టమే, హైమవతి కూడా దానికోసం అప్పట్లో ధర్నాలో కూర్చుంది. నాంచారి ఇంటికి వెళ్ళి అంతా విప్పి చెప్పింది. నాంచారి వలకి చిక్కులు తీస్తూ వింది. విని, తల అడ్డంగా ఊపింది.

"సారు మీదకొచ్చే కాగితం మీద నేను ఏలు ఎయ్యను."

"నీ బిడ్డ కోసం నాంచారీ!"

"ఎనిమిదేళ్ళ కిందట ఈ జబ్బని తెలిసినప్పుడు మా అత్త నాకు కంచం మార్చేసింది. నర్సు బిళ్ళలు పైనుంచి పడేసింది. సారు నా చెయ్యి పట్టుకుని అరిచేతిలో పెట్టారు. అమ్మాయ్, భయపడమాక, రోజూ ఏసుకో, నూరేళ్ళు బతుకుతావన్నారు. ఆ సారుని జైల్లో ఎట్టించమంటారా?"

"ఆయన నా మొగుడే."

"అందుకే మీకు సిగ్గుండాలి," అంది నాంచారి ముక్కుసూటిగా. "మొగుడి మీద ఎవరన్నా పితూరీ రాస్తారా?"

తనని మొండిదన్నప్పుడు ఊరంతటినీ ఎదిరించిన మనిషి, తనని మొండిదాన్ని చేసినవాడి కోసం ఇప్పుడు ఊరంతటినీ ఎదిరిస్తానంటోంది. హైమవతి ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు పాండురంగానికి చెప్పింది. ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. చివర్న, "అరిచేతిలో పెట్టిన సంగతి ఇంకా గుర్తుందా ఆ పిల్లకి?" అని మాత్రం అడిగాడు. అడిగి, కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

మర్నాడు పది గంటలకి, టీ తాగడానికి షెడ్డు ఆడవాళ్ళు బయటికొచ్చే వేళకి, పాండురంగం అక్కడికి వెళ్ళాడు. హైమవతి వెనకాలే వెళ్ళింది. రబ్బరు బూట్లతో, తడి చేతులతో నాంచారి బయటికొచ్చింది. సారుని చూడగానే నవ్వింది.

"ఆ కాగితం మీద వేలు వెయ్యమ్మా," అన్నాడు పాండురంగం. "నీ తప్పేం లేదు. తప్పు నాది. అప్పుడు మందులు లేవు. ఉన్నవాటిలో సగం ఇచ్చాను. ఆ సగం వల్లే నీ ఒంట్లో వైరస్ ముదిరింది. తెలిసి కూడా అలా చేశాను. తర్వాత నిన్ను అందరూ మొండిదన్నప్పుడు నోరు మెదపలేదు."

నాంచారి మొహంలో నవ్వు ఒక్కసారిగా పోలేదు. కొంచెం కొంచెంగా పోయింది. హైమవతి చెప్పినప్పుడు అవి కాగితం మాటలు. ఇప్పుడు సారు నోటి మాటలు.

"లేవా?" అంది. "అప్పుడు లేవా? రోజు విడిచి రోజు ఏసుకుంటే ఒంటికి మంచిదన్నారు మీరు."

"అన్నాను."

"లేవని చెప్పలేదే?"

"చెప్పలేదు."

"లేవని చెప్పుంటే నేను కాకినాడ ఎల్లేదాన్ని సార్," అంది నాంచారి. గొంతు లేచింది. టీ గ్లాసులు పట్టుకున్న ఆడవాళ్ళందరూ ఇటు తిరిగారు. "నా మొగుడు ఆడే ఉన్నాడు. ఆడికి రోజూ ఒకటిచ్చారు. సాయంత్రం బస్సెక్కితే తెల్లారేతలికి ఆడుండేదాన్ని. నడిచైనా ఎల్లేదాన్ని. ఈదైనా ఎల్లేదాన్ని! నాకు కాళ్ళు లేవా? మీరు మంచోరు అనిపించుకోడానికి నాకు సగం ఇచ్చారు. నా బిడ్డ కడుపులో పడకముందే దాని మందు మీరు పంచిపెట్టేశారు."

పాండురంగం తల వంచుకోలేదు. ఈసారి ఆమె కళ్ళలోకి చూస్తూ అంతా విన్నాడు. హైమవతికి ఆ మనిషి మీద పోయిన గౌరవంలో కొంత అక్కడ తిరిగొచ్చింది.

నాంచారి తడి చెయ్యి చీరకి తుడుచుకుంది. "ఏలెక్కడెయ్యాలి మేడంగారూ?"

పట్టీ మొత్తం వెళ్ళింది. నాంచారిది ఒక్కటే కాదు. షెడ్డు దగ్గర మాటలు గాలికన్నా వేగంగా పాకుతాయి కనుక, మిగిలిన పదకొండు మందీ తమంతట తామే వచ్చి వేలిముద్రలు వేసి వెళ్ళారు. కోటేశు పెళ్ళాం కూడా వచ్చింది. చచ్చిపోయినవాడి పట్టీ పంపి ఏం లాభమని ఆసుపత్రి గుమాస్తా అడిగితే, "మా ఆయన ఎగ్గొట్టలేదని ఎక్కడో ఒకచోట రాసుండాలి," అంది. వారం తిరక్కుండా పాండురంగాన్ని సస్పెండు చేశారు. శేషాచలంగారు సెలవు పెట్టారు.

పదకొండో రోజున రాజధాని నుంచి కమిటీ తరఫున భూషణరావుగారనే అధికారి కారులో వచ్చారు. వస్తూ ఒక సీసా తెచ్చారు. ముప్ఫై బిళ్ళలు. సెంటరు హాల్లో కుర్చీ వేయించుకుని నాంచారిని పిలిపించారు. ఆమెతో పాటు ఏడుకొండలొచ్చాడు. మిగిలిన పదకొండు మందీ పిలవకుండానే వచ్చి గోడ వారన నిలబడ్డారు. సస్పెండయిన పాండురంగం గుమ్మం దగ్గర, మంచినీళ్ళ కుండ పక్కన నిలబడ్డాడు.

"నీ పరిస్థితిని కమిటీ సానుభూతితో పరిశీలించిందమ్మా," అన్నారు భూషణరావుగారు. "మందు మంజూరైంది. ఒక చిన్న లాంఛనం ఉంది. ఈ కాగితం మీద వేలు వేస్తే సరి."

హైమవతి కాగితం అందుకుని పైకి చదివింది. తేదీల భాగం యంత్రంలోని లోపం వల్ల తప్పుగా వచ్చిందని, దాన్ని తాను వెనక్కి తీసుకుంటున్నానని నాంచారి ఒప్పుకుంటున్నట్టు రాసి ఉంది. ఆ కాగితం ప్రకారం కంప్యూటరు తప్పు చదవలేదు. డెబ్భై రోజులు ఎవరికీ సగం ఇవ్వలేదు. గోడ వారనున్న పదకొండు మంది ఎప్పటిలాగే మొండివాళ్ళు.

"వెయ్యకపోతే?" అంది హైమవతి.

"వెయ్యకపోతే దర్యాప్తు పూర్తయ్యేదాకా ఆగాలి. నాకూ మనసుంది కానీ, పద్ధతులు కూడా ఉన్నాయి కదా."

హైమవతి కాగితం బల్ల మీద పెట్టేసింది. వద్దని నాంచారికి ఎలా చెబుతుంది? కాన్పుకి ఆరు వారాలైనా గట్టిగా లేదు. ఎవరి బిడ్డని పణంగా పెట్టి ఎవరు నిలబడాలి?

నాంచారి మాత్రం సీసా వంక చూస్తోంది. "ఇది అదేనా మేడంగారూ? ఆకుపచ్చ గడిది?"

హైమవతి పేరు చూసింది. "అదే."

"తినకముందు ఏసుకోవాలా, తిన్నాకా?"

"ఎప్పుడైనా వేసుకోవచ్చు."

నాంచారి బల్ల మీది సీసా తీసుకుంది. వేలు వెయ్యడానికి ముందు చూసుకుంటోందనుకుని భూషణరావుగారు సిరా పెట్టె తెరిచారు. ఆమె మూత తిప్పింది. ఒక బిళ్ళ అరిచేతిలో వేసుకుంది. పాండురంగం ఎప్పుడొచ్చాడో, గ్లాసుతో నీళ్ళు అందించాడు. ఆమె ఆయన వైపు చూడలేదు కానీ గ్లాసు తీసుకుంది. గుటుక్కుమని మింగి, నోరు తెరిచి, నాలుక ఎత్తి భూషణరావుగారికి చూపించింది.

"అయ్యో, ముందు వేలు వెయ్యాలమ్మా!"

"ఎందుకండీ? మందు మొదలైపోయింది." నాంచారి మూత బిగించింది. "ఇప్పుడు దీన్ని మధ్యలో ఆపారనుకోండి, సగం మందు సదువు సెప్పుద్దంట దానికి. మేడంగారు సెప్పారు. మళ్ళీ నా రత్తం పంచాంగంలో ఎడతారు. ఏ రోజు మొదలయ్యిందో, ఏ రోజు ఆగిందో తేదీలతో వస్తాది. ఆపిందెవరూ అని అడిగితే ఈసారి పాండురంగం సారు పేరు సెప్పను. మీ పేరు సెప్తాను."

గోడ వారన ఎవరో నవ్వారు. భూషణరావుగారు సిరా పెట్టె వైపు చూశారు, హైమవతి వైపు చూశారు. యంత్రంలో లోపమని రాయించుకోవడానికి వచ్చిన మనిషి, ఆ యంత్రానికే భయపడి కూర్చున్నారు.

ఆ బిళ్ళ నాంచారి బిడ్డని కాచిందా లేదా అన్నది ఆ రోజు ఎవరికీ తెలియదు. కాన్పయిన ఆరు వారాలకి ఆ ఆడపిల్ల మడమ నుంచి తీసిన రక్తంలో పంచాంగం ఎంత వెతికినా చదవడానికి ఏమీ దొరకలేదు. అది తర్వాతి సంగతి. ఆ రోజు నాంచారికి కూడా తెలియదు. తెలియకుండానే అంత తెగువ చూపించింది.

గోడ వారనుంచి ఇడ్లీ బండి ఎస్తేరమ్మ ఒక అడుగు ముందుకేసి సీసా వంక ఆశగా చూసింది. ఆ చూపు నాంచారికి అర్థమైంది. సీసాని రెండు చేతులతో పొట్టకి అదుముకుంది.

"ఇయ్యను అక్కా. ఇందులోంచి ఒక్కటి కూడా ఎవరికీ ఇయ్యను. ఇది నాది, ముప్ఫై రోజులూ నాదే." భూషణరావుగారి వైపు తిరిగింది. "ఈళ్ళ సీసాలు ఏయి సార్? పదకొండు."

"అవి... పై నుంచి రావాలి. దానికి రెండు వారాలైనా పడుతుంది."

"అయితే రెండు వారాలూ ఇక్కడే కూచుంటాం," అంది నాంచారి. గుమ్మానికి అడ్డంగా బెంచీ లాక్కుని, నడుం పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది. ఎస్తేరమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఒక్కొక్కరే వచ్చి, బెంచీ మీద చోటు చాలక కింద కూర్చున్నారు. కారు డ్రైవరు బయట హారను కొట్టాడు.

లేవబోయిన భూషణరావుగారికి నాంచారి కుర్చీ చూపించింది.

"మీరూ కూచోండి సార్."